డిస్క్ జారినాక మళ్లీ కసరత్తు – 3వ పాఠం: పొద్దుగాల వంగుడు

పోయిన పాఠంలో నడక, బర్డ్ డాగ్ (చేతులు, మోకాళ్ల మీద ఉండి ఒక చేయి, దాని ఎదురు వైపు కాలు చాపి పట్టుడు) చెప్పాను. చాలామంది ఒకటే మాట: "సార్, నడక మంచిగనే ఉంది గానీ పిక్క దాకా గుంజుతోంది." ఆరా తీస్తే తేలిందేందంటే, నడకకు ముందు వార్మప్ అని మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు ముట్టుకుంటున్నారు. నేను చెప్పలేదు, బడిలో డ్రిల్లు మాస్టరు నేర్పింది ఇంకా వదల్లేదు. అందుకే ఈసారి చెప్పాలనుకున్న సైడ్ ప్లాంక్ (ఒక పక్కకు తిరిగి మోచేయి మీద ఒళ్లు లేపి పట్టుడు) పక్కన పెట్టి, ముందు ఈ వంగుడు సంగతి చూద్దాం.

రాత్రి పడుకున్నాక వెన్ను మీద బరువుండదు. వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే పొద్దున మన ఎత్తు కూడా కొంచెం ఎక్కువ. ఉబ్బిన డిస్కును ముందుకు వంచితే లోపలి గుజ్జు వెనక్కి, నరం వైపు ఒత్తుతుంది. పొద్దుగాల వంగుడు తగ్గించుకున్నవాళ్లకు పాత నడుంనొప్పి తగ్గిందని 1998లో ఒక పరిశోధన కూడా వచ్చింది. లేచాక గంట సేపు వంగొద్దు. వంగుడంటే కసరత్తొక్కటే కాదు: వాకిలి ఊడ్చుడు, ముగ్గు, బిందె ఎత్తుడు, సింకు మీదికి వాలి పళ్లు తోముకునుడు, బర్రె పాలు పిండుడు. పొడుగు కర్ర చీపురు కొనండి. ముగ్గు ఇంట్లో ఇంకెవరైనా వేస్తారు.

"తొడ వెనక పట్టేసింది, సాగదీస్తే వదులైతది" అనేవాళ్లతోనే నా తంటా. కుర్చీలో నడుం కొంచెం వదిలేసి కూర్చోండి. నొప్పి ఉన్న కాలు మెల్లగా ముందుకు చాపి, గుంజుడు మొదలవగానే ఆపండి. ఇప్పుడు తల దించండి, ఎత్తండి. దించితే పెరిగి, ఎత్తితే తగ్గిందా? తొడ కండకూ మెడకూ ఏం సంబంధం? గుంజేది నరం. మంట మీదున్న నరాన్ని లాగితే ఇంకా మండుతుంది. ఒక్కసారి చూసుకుంటే చాలు, రోజూ చేయొద్దు.

ఇంకో గుర్తు. నొప్పి పిక్క నుంచి పిరుదుకు, అక్కణ్నుంచి నడుముకు ఎక్కిందా, నడుంలో కాస్త పెరిగినా మంచిదే. కిందికి దిగుతుంటే ఆ పని ఆపండి. మూత్రం బందైనా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా ఈ పాఠాలు పక్కన పడేసి అదే రోజు ఆస్పత్రికి పోండి.

అభ్యాసం: నల్లగొండ వాళ్లు పానగల్ చెరువు కట్ట మీద నడవండి, లతీఫ్ సాహెబ్ గుట్ట ఇప్పుడే ఎక్కొద్దు. బర్డ్ డాగ్ లేచి గంట దాటాకే: ఒక్కో వైపు 10 సెకన్లు పట్టి 6 సార్లు, ఆగి 4, ఆగి 2. లేచిన గంటలో ఎన్నిసార్లు, దేనికి వంగారో 7 రోజులు నోటుపుస్తకంలో రాయండి. సెల్‌ఫోను చార్జరు తీయడానికి వంగినా రాయాలి. ఆ పుస్తకం నిండినవాళ్లే సైడ్ ప్లాంక్ పాఠానికి రండి.