సాయంత్రపు ఆకాశం, సిల్హౌట్ ఫోటోలు: ఏది చెడితే ఏం చేయాలి

సముద్రం మీద పొద్దు గుంకడం దొరకలేదు

హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లే చాలామందికి ఎదురయ్యే నిరాశ ఇదే. సాయంత్రం ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు తిరిగి కెమెరా పట్టుకుని నిలబడతారు. ఎదురుగా నీళ్లు బూడిదరంగుకు తిరుగుతుంటాయి, రంగులన్నీ వెనక భవనాల మీద కనిపిస్తుంటాయి. ఇందులో కెమెరా తప్పేమీ లేదు. విశాఖకు సముద్రం తూర్పున ఉంది కాబట్టి పొద్దు నీళ్లలోంచి పొడుస్తుంది, నేల మీద గుంకుతుంది.

సూర్యుడూ సముద్రమూ ఒకే ఫ్రేములో కావాలంటే తెల్లవారుజామున వెళ్లండి, సూర్యోదయానికి కనీసం అరగంట ముందు. సాయంత్రమే తీయాలంటే ఊరి వైపు తిరిగి తీయండి. అల వెనక్కి పోయిన ఒకటి రెండు క్షణాలు తడి ఇసుక అద్దంలా మెరుస్తుంది, పడమటి ఆకాశమంతా అందులో కనిపిస్తుంది. ఆ మెరుపు మీద నడుస్తున్న మనిషో, ఒడ్డుకు లాగిపెట్టిన పడవో ఉంటే చాలు. కెమెరాను మోకాలి ఎత్తుకు దించితే ఆ ప్రతిబింబం ఫ్రేములో ఇంకా ఎక్కువ చోటు తీసుకుంటుంది. మీరు వ్యూఫైండర్‌లో మునిగిపోయినప్పుడు వెనక అలలను చూసేందుకు పక్కన ఇంకొకరు ఉండాలి. నీళ్లలోకి దిగి మాత్రం తీయొద్దు. సముద్రంలోనే గుంకే సూర్యుడు కావాలంటే గోవా, గోకర్ణ లాంటి పడమటి తీరానికి వెళ్లాల్సిందే.

నీళ్ల మీద గుంకే పొద్దు మన హైదరాబాద్‌లోనే ఉంది. మూసీ తూర్పుకు పారే నది. అందుకే 1908 వరదల తర్వాత దాని మీద కట్టిన గండిపేట ఆనకట్ట చెరువుకు తూర్పు వైపున ఉంటుంది. ఆ ఒడ్డు నుంచి నీళ్ల వైపు చూస్తే పడమరే. ట్యాంక్‌బండ్ కూడా హుస్సేన్‌సాగర్‌కు తూర్పు ఒడ్డే.

బుద్ధ విగ్రహం వెనక సూర్యుడు రావడం లేదు

సూర్యుడు రోజూ ఒకే చోట గుంకడు. హైదరాబాద్‌లో జూన్‌లో నేరు పడమరకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరులో అంతే దక్షిణంగా గుంకుతాడు. కాబట్టి చోటు మార్చాలి: జూన్‌లో ట్యాంక్‌బండ్ మీద దక్షిణం వైపుకు, డిసెంబరులో సికింద్రాబాద్ వైపుకు. సూర్యుడి దారి చూపించే యాప్ ఫోన్‌లో ఉంటే ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు.

ఆకాశం తెల్లగా పాలిపోయింది

ఫ్రేములో నేల చీకటిగా ఉంటుంది. దాన్ని చూసి ఫోను వెలుగు పెంచేస్తుంది, ఆకాశం కాలిపోతుంది. సూర్యుడికి కాస్త పక్కన మెరిసే మబ్బు మీద వేలు నొక్కి, లాక్ అయ్యేదాకా పట్టుకుని, వెలుగును కిందికి జరపండి. కెమెరాలో అయితే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 1 నుంచి మైనస్ 2 వరకు పెట్టండి. స్క్రీన్ మీద కొంచెం చీకటిగా అనిపించినా ఫరవాలేదు. పూర్తిగా తెల్లబడిపోయిన చోట రంగు సమాచారమే ఉండదు, ఎడిటింగ్‌లో ఎంత లాగినా తిరిగి రాదు.

సిల్హౌట్ నల్లగా లేదు, బూడిదగా ఉంది

సిల్హౌట్ అంటే వెలుగుకు అడ్డంగా నల్లటి ఆకారంగా మాత్రమే కనిపించే బొమ్మ. ముందు ఇది చూడండి: పదడుగుల దూరంలో ఉన్న మనిషి కూడా బూడిదగా ఉన్నాడా, లేక దూరపువి మాత్రమేనా?

దగ్గరి మనిషి కూడా బూడిదగా ఉంటే అది ఫోన్ కెమెరాలోని హెచ్‌డీఆర్ మోడ్ పని. నీడలను వెలిగించడమే దాని ఉద్యోగం, మనకు కావాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం. హెచ్‌డీఆర్, నైట్ మోడ్, ఫ్లాష్ మూడూ ఆపేయండి. కొన్ని ఫోన్లలో హెచ్‌డీఆర్ ఆపే వీలుండదు. అప్పుడు తీసిన తర్వాత ఎడిటింగ్‌లో షాడోస్, బ్లాక్స్ అనే సెట్టింగ్‌లు తగ్గించాలి. మీ వెనక వీధి దీపం వెలిగిందేమో కూడా చూసుకోండి.

దూరపువి మాత్రమే బూడిదగా ఉంటే మధ్యలో ఉన్న గాలిది తప్పు. పొగమంచు, దుమ్ము, పొగ వెలుగును చెదరగొడతాయి. చలికాలం సాయంత్రాల్లో ఇది ఎక్కువ. దగ్గరి వస్తువును ఎంచుకోండి, లేదా వాన కురిసి వెలిసిన సాయంత్రం వెళ్లండి.

మనిషి ఆకారం ముద్దలా వచ్చింది

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. సిల్హౌట్‌లో ముఖం ఉండదు, బట్టల రంగు ఉండదు. మిగిలేది అంచు ఒక్కటే. కథంతా ఆ అంచే చెప్పాలి.

సంక్రాంతికి మేడ మీద గాలిపటం ఎగరేసే కుర్రాడినే తీసుకోండి. ఎదురుగా నిలబడి తీస్తే, ఛాతీ ముందున్న చేతులు ఒంట్లో కలిసిపోతాయి, స్తంభం నిలబడినట్టు వస్తుంది. పక్క నుంచి తీయండి. ఎత్తిన మోచెయ్యి, వంగిన మణికట్టు, వెనక్కి వాల్చిన తల, ముక్కు, గడ్డం విడివిడిగా తెలుస్తాయి. వెనక తమ్ముడు దారం చుట్టిన చరఖా పట్టుకుని ఉంటే ఇద్దరి మధ్య ఆకాశం కనిపించేంత ఎడం ఉండాలి. మాంజా ఎలాగూ కనిపించదు. చేతుల భంగిమే దాన్ని చెప్పాలి.

ఇంకో చిక్కు పిట్టగోడతో వస్తుంది. అది నడుము దగ్గరో మెడ దగ్గరో అడ్డంగా పోతే బొమ్మ రెండు ముక్కలవుతుంది. మీరు కిందికి కూర్చుంటే వెనక ఉన్న ట్యాంకులు, సెల్ టవర్లు దిగిపోయి, మనిషి చుట్టూ ఖాళీ ఆకాశం మిగులుతుంది. నడుస్తున్న మనిషికి షట్టర్ స్పీడ్ 1/250 సెకను సరిపోతుంది. పావురాలకు 1/1000 పెట్టండి. ఫోకస్ ఆకాశం మీద కుదరక తిరుగుతుంటే మనిషి అంచు మీద పెట్టి లాక్ చేయండి.

రంగే రాలేదు

మబ్బుల్లేని ఆకాశం పెద్దగా పండదు. ఎత్తున పలుచని మబ్బులుండి, పడమటి అంచు మాత్రం తెరిచి ఉండాలి. అప్పుడు కింది నుంచి వచ్చే వెలుగు మబ్బు అడుగులను పట్టుకుంటుంది. సూర్యుడు దిగగానే బ్యాగ్ సర్దేయకండి. ఆ తర్వాతి పది, పదిహేను నిమిషాల్లోనే చాలాసార్లు అసలు ఎరుపు వస్తుంది. మబ్బు దట్టంగా కమ్మేస్తే ఇంటికి వెళ్లొచ్చు.

కంటికి కనిపించిన ఎరుపు ఫోటోలో చల్లారిపోతే రంగులను తనంతట తానే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్‌ను మార్చి డేలైట్‌లో పెట్టండి.

సూర్యుడు చుక్కంత పడ్డాడు

లెన్సు మీద ఎంఎంలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌ను 109తో భాగిస్తే సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద సూర్యుడి బొమ్మ ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. 50 ఎంఎం లెన్సుకు అర మిల్లీమీటరు కూడా రాదు, 400కు 3.7 వస్తుంది. దూరపువాటిని దగ్గరగా చూపించే టెలిఫోటో లెన్సు పెట్టి, మనిషికి దూరంగా జరగండి. మనిషి చిన్నగా అవుతాడు, సూర్యుడు అంతే ఉంటాడు. డీఎస్ఎల్ఆర్ ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి టెలిఫోటోతో సూర్యుణ్ని చూడొద్దు, కళ్లు పోతాయి. లైవ్ వ్యూలో, అంటే కెమెరా స్క్రీన్ మీద చూస్తూ తీయండి.

బీచ్‌లో అన్నీ మసకగా వస్తున్నాయి

ఏసీ గదిలోంచో కారులోంచో బయటికి రాగానే అయితే చల్లటి గాజు మీద తేమ పట్టినట్టే. కెమెరాను మూసిన బ్యాగ్‌లోనే అరగంట బయట ఉంచి తర్వాత తీయండి. గంట గడిచాక మొదలైతే అది ఉప్పు తుంపర. వెంటనే గుడ్డతో రుద్దితే ఇసుక రేణువులు గాజును గీస్తాయి. ముందు బ్లోయర్‌తో (గాలి ఊదే చేతి పంపు) ఊదండి, తర్వాత లెన్స్ క్లీనర్‌తో కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా తుడవండి.