ఘాట్ దిగి సినిమా చూసి చీకటి పడేలోపు మళ్ళీ కొండెక్కడం ఎలా

నాన్న ఉద్యోగం వల్ల నా చిన్నతనం అంతా అరకులోనే. సినిమాకెళ్ళడం అంటే మాకు కొండ దిగడమే, కొండ కిందుండే ఎస్.కోట, అదే శృంగవరపుకోట, అయితే 60 కిలోమీటర్ల పైచిలుకు, వైజాగ్ అయితే 115. ఇప్పుడు నేను వైజాగ్‌లో ఉంటున్నా గానీ అన్నయ్య అక్కడే సెటిలయ్యాడు, సెలవులకి పైకెళ్ళినప్పుడల్లా పిల్లలిద్దర్నీ వెంటేసుకుని కిందకి దిగి, మల్టీప్లెక్స్ కాదు, ఒకటే తెర ఉన్న పాత హాల్లో సినిమా చూపించి సాయంత్రానికి ఇంటికి చేర్చడం నా డ్యూటీ. వదిన ఎప్పుడూ "ఫోన్లో చూసుకుంటే పోయేదానికి ఆ మలుపుల్లో పిల్లల్ని తిప్పుతావేంటి" అని సణుగుతూ ఉండేది, మొన్న మాత్రం ఈసారి నేనే తీసుకెళ్తాను, ఎలా వెళ్ళాలో రాసివ్వు అంది. తనకి రాసిచ్చిందే కాస్త పెంచి రాస్తున్నా.

అన్నిటికన్నా ముందు షో సంగతి. కొండ మీద వాళ్ళు సినిమాని చూసి షో ఎంచుకోకూడదు, ఘాట్‌ని చూసి ఎంచుకోవాలి. పొద్దున్న 11 గంటల ఆట ఒక్కటే మనది. ఏడు, ఏడున్నరకి అరకులో బస్సెక్కితే పదింటికల్లా ఎస్.కోటలో ఉంటాం, ఆట రెండుంబావుకి అయిపోతుంది, మూడు లోపు తిరుగు బస్సు దొరికితే ఐదు దాటేసరికి ఇల్లు. మ్యాట్నీకి వెళ్ళారా, బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యే పాటికే చీకటి, డిసెంబర్లో అయితే ఐదున్నరకే పొద్దుగూకిపోతుంది, అనంతగిరి దగ్గరికొచ్చేసరికి బస్సు ముందు తెల్లటి దుప్పటి కప్పినట్టు మంచు. ఫస్ట్ షో, సెకండ్ షో గురించి అసలు మాట్లాడకండి, కింద బంధువులింట్లో పడుకునే ఏర్పాటుంటే తప్ప.

రైలు ఉంది కదా అంటారు. ఉంది, కొత్తవలస కిరండూల్ లైను, సొరంగాలూ అవీ చాలా బావుంటుంది, కానీ అది పొద్దున్న వైజాగ్ నుంచి పైకొచ్చి మధ్యాహ్నం తర్వాత కిందకి దిగే బండి, టూరిస్టులకి కుదురుతుంది గానీ పొద్దున్నే దిగి సాయంత్రానికి ఎక్కాల్సిన మనకి అన్నీ తలకిందులే. బస్సో సొంత బండో, అంతే.

శుక్రవారం వద్దు. రిలీజ్ రోజు కదా అని పిల్లలు గోల పెడతారు, కానీ మా సంత కూడా శుక్రవారమే, కోళ్ళు, బుట్టలు, అల్లం బస్తాల మధ్య సీటు సంగతి దేవుడెరుగు, నిలబడ్డానికి చోటుండదు. ఆదివారం ఇంకో రకం, చలికాలంలో వైజాగ్ కార్లన్నీ ఘాట్‌లోనే ఉంటాయి, వ్యూ పాయింట్ దగ్గర ఎక్కడపడితే అక్కడ ఆపి సెల్ఫీలు తీసుకుంటుంటే మన 11 గంటల ఆట ఇంటర్వెల్ నుంచే. మంగళవారం, బుధవారం ప్రశాంతం. కాకపోతే వారం మధ్యలో పొద్దున్న ఆటకి పది మంది కూడా రాకపోతే హాలు వాళ్ళు షో వెయ్యరు, అందుకని ముందు రోజే కింద తెలిసినవాళ్ళకి ఫోన్ చేసి కనుక్కోండి. మా చిన్నప్పుడు ఏ సినిమా ఆడుతోందో చెప్పేది కండక్టరే, మైకు కట్టుకుని కాగితాలు విసిరే రిక్షా ఘాట్ ఎక్కేది కాదు కదా.

ఇక వాంతుల విషయం, అసలు పెద్ద సమస్య ఇదే. కడుపు నిండా తిని బస్సెక్కితే ఘాట్ దారిలో టైడా ఊరు వచ్చేలోపే తెలిసిపోతుంది, అలాగని ఖాళీ కడుపు ఇంకా దారుణం. రెండు ఇడ్లీలో, నాలుగు బిస్కెట్లో తిని ఎక్కండి, అసలు టిఫిన్ ఎస్.కోటలో దిగాక. సీటు డ్రైవరు వెనక మూడు నాలుగు వరసల్లోనే, వెనక చక్రం మీద సీటు మాత్రం ఎవరు ఊరికే ఇస్తానన్నా వద్దు. అసలు కడుపు ఎందుకు తిప్పుతుందంటే, మలుపు తిరుగుతున్నామని చెవి లోపలుండే భాగం చెప్తుంటే కళ్ళేమో ముందు సీటునో ఫోన్‌నో చూస్తూ కదలట్లేదు అంటాయి, ఈ రెండింటి తగాదా కడుపు మీదకొస్తుంది. అందుకే ఫోన్ లోపల పెట్టేసి అద్దంలోంచి దూరంగా రోడ్డు వైపు చూడమంటారు. అల్లం మురబ్బా ముక్క బుగ్గన పెట్టుకుంటే మా అమ్మకి పనిచేసేది, నాకు నిమ్మకాయ వాసన. పిల్లలకి మాత్రలు డాక్టర్ని అడక్కుండా వెయ్యకండి, వేస్తే బయల్దేరే ముందే వెయ్యాలి, తిప్పడం మొదలయ్యాక ఏ మాత్రా పెద్దగా పనిచెయ్యదు.

ఇదే లెక్కన ఇంకోటి కూడా చెప్పాలి. త్రీడీ సినిమాకి వెళ్ళొద్దు. అక్కడ తగాదా రివర్సులో, కళ్ళు ఎగిరిపోతున్నాం అంటుంటే చెవులు కుర్చీలో కూర్చున్నాంరా బాబూ అంటాయి. పొద్దున్న ఘాట్, మధ్యలో త్రీడీ, సాయంత్రం మళ్ళీ ఘాట్, పోయినేడాది చిన్నోడితో ఈ ప్రయోగం చేశాను, అంగీ రెండు సార్లు మార్చాల్సొచ్చింది.

సొంత కారులో వెళ్ళేవాళ్ళకి. ఏ గేరులో ఎక్కుతారో అదే గేరులో దిగాలి, ఘాట్ డ్రైవర్లెవర్ని అడిగినా ముందు చెప్పే మాట ఇది. ఇంజనే బండిని పట్టుకోవాలి, బ్రేకు అప్పుడప్పుడు సాయం అంతే. మా మావయ్య ఒకసారి పెట్రోలు మిగులుతుందని అంబాసిడర్‌ని న్యూట్రల్‌లో వదిలేశాడు, బండి జారుకుంటూ హాయిగా పోతోంది, మావయ్య పాట పాడుతున్నాడు, అనంతగిరి దాటి కొంచెం దూరం వచ్చాక ముక్కుకి కాలిన వాసన, ఆ తర్వాత బ్రేకు పెడల్ మెత్తబడింది. మావయ్య పాట ఆగిపోయింది. ఎలాగో సెకండ్ గేరు వేసి కొండ వైపు కాలవలోకి చక్రం దింపి ఆపాడు, అత్త దిగి ఏమీ అనకుండా రాయి తీసుకెళ్ళి వెనక చక్రానికి అడ్డం పెట్టింది. ముప్పావు గంట కూర్చున్నాం చల్లారేదాకా. ఎవరో లారీ క్లీనరు వచ్చి "నీళ్ళు పోయకండి బాబూ, డ్రమ్ము పగిలిపోద్ది" అని చెప్పి వెళ్ళాడు, లేకపోతే మావయ్య అప్పటికే చెంబు పట్టుకున్నాడు. ఆ రోజు సినిమాలో మొదటి రెండు పాటలు పోయాయి.

మలుపు ముందు హారన్ కొట్టండి, లోపలి వైపు కోసి తిరక్కండి. ఎదురుగా పైకొస్తున్న బండికి దిగే బండే దారివ్వాలి, రూలు కూడా అదే, నిండు లోడుతో ఎక్కే లారీ ఒకసారి ఆగితే మళ్ళీ కదలడం ఎంత కష్టమో చూస్తేనే తెలుస్తుంది. వానలు గట్టిగా పడిన మర్నాడు మాత్రం సినిమా మానుకోండి, కొండచరియలు పడితే రోడ్డు ఎప్పుడు తెరుస్తారో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

సరే, హాలు. ఎస్.కోట దగ్గర కాబట్టి సుఖం, రాత్రికి కింద ఉండిపోయే వీలుంటే వైజాగ్ వెళ్ళండి, జగదాంబ జంక్షన్‌కి ఆ పేరొచ్చిందే హాలుని బట్టి, ఒక్కసారైనా పిల్లలకి అలాంటి పెద్ద తెర చూపించాలి. పాత హాల్లో సీటు ఎంచుకోవడం ఒక విద్య. బాల్కనీ అంటే గొప్ప అనుకుంటాం గానీ, నాకైతే కింద క్లాసులో మధ్యకన్నా కొంచెం వెనక వరసలు ఇష్టం, అయితే బాల్కనీ కప్పు కిందకి మాత్రం వెళ్ళకూడదు, అక్కడ సౌండు గుడ్డ కప్పినట్టు వస్తుంది. ఫ్యాన్లే ఉన్న హాలైతే ముందు ఫ్యాన్ తిరుగుతోందా లేదా చూసి కూర్చోండి. మొదటి మూడు వరసలు వద్దు, మూడు గంటలు మెడ పైకెత్తి చూసి తర్వాత ఘాట్ ఎక్కడం మామూలు శిక్ష కాదు. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని టిక్కెట్లుండే రోజుల్లో మా నాన్న ఎప్పుడూ కుర్చీ టిక్కెట్టే కొనేవాడు, అదీ తలుపు పక్కన. ఎందుకంటే బస్సు.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. సినిమా మొదలవగానే సెన్సారు సర్టిఫికెట్ వేస్తారు కదా, అందరూ ఈల వేసే టైంలో నాన్న కళ్ళద్దాలు పైకి తోసుకుని దాంట్లో రీళ్ళు ఎన్నో చదివేవాడు. వెయ్యి అడుగుల రీలు ఒకటి దాదాపు 11 నిమిషాలు. "పదహారు రీళ్ళు, మూడు గంటలు, ఇంటర్వెల్‌తో మూడుంబావు, కరెంటు పోకపోతే" అని అమ్మ చెవిలో లెక్క చెప్పేవాడు. పద్దెనిమిది అని పడిందంటే మా పని అయిపోయినట్టే, ఆఖరి రీలు మాకు లేదు. ఆ తర్వాత తెర మీద కుడి వైపు పై మూల ఒక చుక్క టక్కున మెరిసి పోతుంది, అది రీలు మారే ముందు ఆపరేటర్‌కి గుర్తు, రెండో ప్రొజెక్టరు ఆన్ చెయ్యమని. నాన్న ఆ చుక్కలు చూసి ఎన్ని రీళ్ళయ్యాయో వేళ్ళ మీద లెక్కపెట్టేవాడు, అన్నయ్యా నేనూ సినిమా చూడ్డం మానేసి చుక్క కోసం చూసేవాళ్ళం, ముందు ఎవరు చూస్తే వాళ్ళకి పల్లీల పొట్లం. ఒకసారి నిజంగానే హీరోని స్తంభానికి కట్టేసి చుట్టూ మంట పెట్టిన చోట లేపేశాడు మమ్మల్ని. అన్నయ్య ఏడుస్తుంటే "బతుకుతాడు లేరా, హీరో కదా, మనకి బస్సు పోతుంది" అన్నాడు. పదేళ్ళ తర్వాత టీవీలో వచ్చింది ఆ సినిమా, అన్నయ్య పిలిచి మరీ చూపించాడు. హీరో పోతాడు.

ఇప్పుడు రీళ్ళూ లేవు చుక్కలూ లేవు, అంతా డిజిటల్, సర్టిఫికెట్ మీద నిమిషాలు వేసేస్తున్నారు. అది చదవండి, ఇంటర్వెల్‌కి 15 నిమిషాలు కలపండి, యాడ్‌లకి ఇంకో 10. రెండు గంటల నలభై దాటే సినిమా అయితే బస్సు మీద ఆశ పెట్టుకోకండి, కారులోనే వెళ్ళండి. టిక్కెట్లు కొన్ని హాళ్ళకి ఆన్‌లైన్‌లో ఉంటాయి, లేని చోట కౌంటర్ దగ్గర చిల్లర ఉంటే పని తొందరగా అవుతుంది, ఆ గోడలో చిన్న కన్నంలోకి చెయ్యి దూర్చి డబ్బులివ్వడం మా చిన్నోడికి సినిమా కన్నా నచ్చింది.

ఇంటర్వెల్లో ఉల్లి సమోసాలు నూనె చూసి ఒకటితో ఆపండి, మురీ మిక్చర్ అయితే నిమ్మకాయ ఎక్కువ పిండించుకోండి, గోలీ సోడా దొరికితే అదృష్టం. భోజనం సినిమా అయ్యాక, అదీ పెరుగన్నం లాంటిది, బిర్యానీ తిని కొండెక్కితే ఏమవుతుందో ఇందాకే చెప్పాను. స్వెటర్లు పొద్దున్న కింద చెమటలు పడుతుంటే దండగ అనిపిస్తాయి, అయినా మొయ్యండి, సాయంత్రం సుంకరమెట్ట దగ్గర కాఫీ తోటల గాలి తగిలితే వాటి విలువ తెలుస్తుంది. పైగా తిరుగు బస్సు రాగానే కిటికీలోంచి సీటు మీదకి విసరడానికి స్వెటరంత పనికొచ్చేది ఇంకోటి లేదు, రుమాలు వేస్తే ఎవరూ లెక్కచెయ్యరు.

ఒకవేళ ఆలస్యమై కారులో మంచులో చిక్కుకుంటే హెడ్‌లైట్ డిమ్‌లోనే ఉంచండి, బ్రైట్ వేస్తే వెలుగంతా మంచుకి తగిలి మన కళ్ళలోకే తిరిగొస్తుంది, ఎడమ అంచు గీత చూసుకుంటూ మెల్లగా పోవాలి. అసలు కనపడకపోతే మలుపులో కాకుండా వెడల్పుగా ఉన్న చోట, రోడ్డు మీద నుంచి పూర్తిగా దిగి ఆపెయ్యండి.

పిల్లలకి చెప్పాల్సింది ఒకటి. కింద కొన్న చిప్స్ పొట్లం అప్పుడే తెరవొద్దు. ఎక్కేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గి అది ఉబ్బుతూ వస్తుంది, అరకు 900 మీటర్ల పైన కదా, పైకొచ్చేసరికి బెలూన్‌లా అవుతుంది, దాన్ని చూస్తూ కూర్చుంటే వాంతుల మాట మర్చిపోతారు. చెవులు మూసుకుపోతే గుటక వెయ్యమనండి.

ఇంకోటి, బస్సులో సినిమా కథ గట్టిగా చెప్పుకోకండి. మా చిన్నప్పుడు నేనూ అన్నయ్యా ఫైటింగులతో సహా కథ మొదలుపెట్టి టైడా దాటేలోపు విలన్ దాకా వచ్చేశాం, డ్రైవరు అద్దంలోంచి మా వైపు చూసి అరిచాడు, "ఒరే బాబులూ, ఇంక ఆపండర్రా, నేనింకా చూళ్ళేదు, రేపు నా ఆఫ్."