గుండెజబ్బుతో పుట్టిన పిల్లలకి ఇంట్లో ఆన్‌లైన్ వ్యాయామం: ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి

వీడియో లింకు నొక్కకముందే మీ చేతిలో ఒక కాగితం ఉండాలి. మీ పిల్లని చూసే కార్డియాలజిస్టు రాసిచ్చిన కాగితం. అందులో "వ్యాయామం చేయొచ్చు" అన్న ఒక్క ముక్కే ఉంటే నాకు చాలదు. నేను పిల్లల ఫిజియోథెరపిస్టుని, పుట్టుకతో గుండె లోపం ఉన్న పిల్లలకి వీడియో కాల్‌లో వ్యాయామం చేయిస్తుంటాను. ఏ లోపం, ఏ ఆపరేషన్ ఎప్పుడు అయింది, సరిచేయకుండా ఇంకా ఏం మిగిలింది, ఊరికే కూర్చున్నప్పుడు ఆక్సిజన్ ఎంత ఉంటుంది, ఏ మందులు వాడుతోంది, ఏ పనులు చేయకూడదు అన్నవన్నీ అందులో రాయించుకోండి. చివరిది మరీ ముఖ్యం. "కాస్త జాగ్రత్త" అని డాక్టరు అంటే ఇంట్లో ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుంటారు. నానమ్మ మెట్లెక్కనివ్వదు, నాన్న సైకిలు కొనిపెడతాడు.

నూటికి దాదాపు ఒక బిడ్డ ఏదో ఒక గుండె లోపంతో పుడుతుంది. అయితే ఆ ఒక్క పేరు కింద ఉన్నవన్నీ ఒకే జబ్బు కాదు. చిన్న వీఎస్‌డీ, అంటే గుండె కింది గదుల మధ్య గోడలో రంధ్రం, ఉండి దానంతటదే మూసుకుపోయిన పిల్లాడికీ, ఒకే జఠరికతో (రక్తాన్ని బయటికి నెట్టే గది) పుట్టి, సిరల రక్తాన్ని నేరుగా ఊపిరితిత్తులకి కలిపే ఫాంటాన్ ఆపరేషన్ అయిన పిల్లకీ ఒకే వీడియో పంపేవాళ్ల జోలికి వెళ్లకండి. ఆ పిల్లాడికైతే బహుశా నా అవసరమే లేదు, డాక్టరు సరేనంటే వెళ్లి ఆడుకోమనండి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకి సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. గుండె లోపం ఉన్న పిల్లల్లో కూడా ఎక్కువమందికి ఆటలు మాన్పించే పనిలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లోనే రాసింది. ఏళ్ల తరబడి కూర్చోబెట్టడం వల్ల తొడల్లో సత్తువ పోయి, ఆ నీరసాన్ని కూడా గుండె ఖాతాలో వేసుకుని తిరిగే పిల్లలు నాకు తరచూ తగులుతారు.

ఇంట్లో మొదలుపెట్టకూడని వాళ్లూ ఉన్నారు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువ ఉన్నవాళ్లు, బృహద్ధమని (గుండెనుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) కవాటం బాగా సన్నబడ్డవాళ్లు, గుండె కండరానికే రక్తం ఇచ్చే కరోనరీ నాళం పుట్టాల్సిన చోట కాక వేరే చోట పుట్టినవాళ్లు, గుండె లయ ఇంకా అదుపులోకి రానివాళ్లు, పరిగెడుతూ ఒక్కసారైనా స్పృహ తప్పినవాళ్లు. వీళ్లకి ఏం చేయించాలో, అసలు చేయించాలో వద్దో ఆసుపత్రిలో మానిటర్ పెట్టి తేల్చాలి. ఛాతీ తెరిచి ఆపరేషన్ చేసి ఉంటే రొమ్ము ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. సర్జన్ సరే అనేదాకా వేలాడటం, లాగడం, చేతుల మీద బరువు మోపడం వద్దు. చంటివాళ్లని చంకల కింద పట్టి ఎత్తడం కూడా వద్దు, పిరుదుల కింద ఒక చెయ్యి, మెడ వెనక ఒక చెయ్యి వేసి ఎత్తండి.

ఎవరి దగ్గర చేర్పించాలి

నా కొలత ఒకటే. మొదటి క్లాసుకి ముందు మీ ఇంటి చిరునామా అడగనివాళ్ల దగ్గర చేర్పించకండి. ప్రకటనల కోసం కాదు లెండి. తెర మీద పిల్ల పడిపోతే అవతలివాళ్లు అంబులెన్సుని ఏ ఇంటికి పంపాలో తెలియాలి కదా. చిరునామా అడిగినవాళ్లు మిగతావి కూడా అడుగుతారు: డాక్టరు కాగితం, ఎకో రిపోర్టు, వీలైతే ట్రెడ్‌మిల్ మీదో సైకిలు మీదో మాస్కు పెట్టి చేసే కార్డియో పల్మనరీ పరీక్ష, అది కుదరకపోతే ఆరు నిమిషాల నడక పరీక్ష. ఆ నడక పరీక్షని ఇంటి వసారాలో కొలిచి పంపమంటే ఒప్పుకోకండి. దానికి మామూలుగా 30 మీటర్ల తిన్నని దారి కావాలి, నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగే చోట వచ్చే లెక్కని దేనితోనూ పోల్చలేం.

ఇలాంటి ప్రోగ్రాములు ఎక్కువగా 12 వారాల చొప్పున ఉంటాయి. వారానికి రెండు మూడు క్లాసులు, ఒక్కోటి అరగంట నుంచి ముప్పావుగంట. మొదటి వారాలు లైవ్‌లో ఉండి తీరాలి. రికార్డు చేసిన వీడియోలు ఆ తర్వాత, పిల్లకి కదలికలు వచ్చాక పనికొస్తాయి.

తెరకి కనపడనివి మీరు చూడాలి

ఫోను ఎదురుగా పెట్టి పిల్ల మొహం కనిపిస్తే చాలనుకుంటారు చాలామంది. నాకు పాదాలు కావాలి. ఫోనుని అడ్డంగా తిప్పి, మోకాలి ఎత్తున్న స్టూలు మీద పెట్టి, తల నుంచి కాలివేళ్ల దాకా కనిపించేంత దూరంలో పిల్లని కాస్త ఏటవాలుగా నిలబెట్టండి. కిటికీ పిల్ల వెనక ఉంటే మొహం నల్లటి నీడైపోతుంది, కిటికీ వైపు మొహం తిప్పించండి. నేల జారకూడదు, సాక్సులు తీసేయండి. మాట్లాడటానికి ఇంకో ఫోను చార్జింగ్‌తో పక్కన ఉండాలి, ఎందుకంటే నెట్ పోయేది సరిగ్గా అవసరమైనప్పుడే.

ఇంత చేసినా నాకు తెలియనివి రెండున్నాయి. ఒకటి రంగు. ఫోను కెమెరా రంగుల్ని తనకిష్టమొచ్చినట్టు దిద్దుతుంది, అందుకని ఆక్సిజన్ తగ్గినప్పుడు పెదవులకి వచ్చే నీలాన్ని వీడియోలో చూసి నేను నమ్మను. రెండోది ఊపిరి. మాట కాని చప్పుడుని వీడియో కాల్ యాప్‌లు చాలావరకు అణిచేస్తాయి. పిల్ల ఎగపోస్తున్నా నాకు నిశ్శబ్దమే వినపడొచ్చు. కాబట్టి పెద్దవాళ్లు ఒకరు అదే గదిలో ఉండాలి, పక్క గదిలో కాదు. క్లాసుకి ముందే పెదవులు, గోళ్లు, నాలుక ఏ రంగులో ఉన్నాయో చూసి పెట్టుకోండి. మధ్యలో పోల్చుకోవాల్సింది ఆ రంగుతోనే.

పల్స్ ఆక్సీమీటర్ ఉంటే అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వేలు వెచ్చగా ఉన్నప్పుడు, గోళ్లరంగు తీసేసి చూడండి. కదులుతుండగా అది చూపే అంకెని పట్టించుకోవద్దు. ఆపాక, చెయ్యి నిలకడగా ఉన్నప్పుడు చూసిందే లెక్క. లోపం ఇంకా పూర్తిగా సరికాని పిల్లల్లో ఊరికే కూర్చున్నా ఆక్సిజన్ ఎనభైల్లో ఉండొచ్చు. ఎంతకి పడితే ఆపాలో డాక్టరు కాగితంలో రాయించుకోవాల్సిన ఇంకో ముక్క అది. పాత పద్ధతిలో బ్లేలాక్ టాసిగ్ షంట్ (చేతికి వెళ్లే నాళాన్ని ఊపిరితిత్తుల నాళానికి కలిపే ఆపరేషన్) వేసి ఉన్నా, చేతికి వెళ్లే నాళాన్ని వాడి బృహద్ధమని ఇరుకుని సరిచేసి ఉన్నా ఆ వైపు చేతిలో నాడి బలహీనంగా ఉంటుంది. నాడి గానీ బీపీ గానీ రెండో చేతికే చూడాలి.

స్మార్ట్‌వాచీ గుండె వేగాన్ని నేను అడగను. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడే పిల్లకి గుండె వేగం పెరగాల్సినంత పెరగదు. పేస్‌మేకర్ ఉంటే దాని లెక్క దానిది. 220లోంచి వయసు తీసేసే సూత్రం ఈ పిల్లలకి పనికిరాదు. దాని బదులు గోడకి ఒక బొమ్మ అతికించండి, కొండ ఎక్కుతున్న పిల్లది, కింద 0, శిఖరం మీద 10. మొదటి వారాల్లో 3 - 4 దగ్గర ఉండాలి, తర్వాత డాక్టరు ఒప్పుకుంటే 5 - 6 దాకా. ఆ శ్రమలో పిల్ల పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. పాట పాడగలుగుతోందంటే మరీ తేలికైనట్టు, రెండు మాటలకే ఆగిపోతోందంటే ఎక్కువైనట్టు.

క్లాసులో ఏం జరుగుతుంది

ముందు అయిదు నుంచి పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం: నిలబడ్డ చోటే నడక, భుజాలు తిప్పడం, బెలూన్ కింద పడకుండా తట్టడం. ఛాతీ పక్కనుంచి ఆపరేషన్ అయిన పిల్లలు ఆ వైపు భుజాన్ని దాచుకుని ఆడతారు, బెలూన్‌తో అది ఇట్టే బయటపడుతుంది. తర్వాత కాళ్లు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం, ఒక మెట్టు ఎక్కి దిగడం, మునివేళ్ల మీద లేవడం, ఒంటికాలి మీద నిలబడటం.

ఫాంటాన్ అయిన పిల్లలకి ఈ కాళ్ల పని మరీ అవసరం. వాళ్లలో ఊపిరితిత్తుల్లోకి రక్తాన్ని నెట్టడానికి విడిగా జఠరిక లేదు. పిక్కలు, తొడలు బిగిసినప్పుడు సిరల్లోని రక్తం తడిబట్ట పిండినట్టు పైకి వెళుతుంది, లోపలికి తీసుకునే ఊపిరి దాన్ని ఛాతీలోకి లాగుతుంది. ఊపిరి బిగబడితే ఆ దారి ఇరుకైపోతుంది. బృహద్ధమని ఇరుకు, కవాటం ఇరుకు ఉన్నవాళ్లలోనైతే ఊపిరి బిగబట్టి బరువెత్తడం బీపీని ఎగదోస్తుంది. అందుకే నా క్లాసులో అందరూ పైకి లెక్కపెట్టాల్సిందే. నా దగ్గర చేసే ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి కుర్చీలోంచి లేస్తూ "నాలుగు, అయిదు, ఆరు" దాకా గట్టిగా అంటుంది. ఏడు దగ్గర గొంతు ఆగుతుంది, పెదవులు బిగుసుకుంటాయి, గడ్డం పైకి లేస్తుంది. అక్కడితో ఆ వరస ఆపేస్తాను. పది చేయగలదు, కానీ ఊపిరితో చేయగలిగింది ఆరే.

చివర ఇంకో అయిదు నిమిషాలు నెమ్మదిగా నడిపించండి. టక్కున ఆపి కూలబడితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి.

తల్లిదండ్రులతో నాకు వచ్చే పేచీ ఏమిటంటే, "ఎంత కష్టంగా ఉంది?" అని నేను అడగ్గానే పిల్ల బొమ్మ వైపు చూడదు, అమ్మ మొహంలోకి చూస్తుంది. అమ్మ కనుబొమ్మలు ముడిపడితే 7, నవ్వితే 2. దీనికి నేను చేసే ఉపాయం, అమ్మని పిల్ల చూపుకి అందని పక్కకి నిలబెట్టడం. అక్కడినుంచి పిల్ల పూర్తిగా కనిపిస్తుంది, మాట్లాడకూడదన్న సంగతీ గుర్తుంటుంది. మీ అంచనా ఎంతో విడిగా కాగితం మీద రాసుకోండి, క్లాసయ్యాక ఇద్దరం చూద్దాం. పిల్ల చెప్పేదీ మీరు రాసేదీ దగ్గరకొస్తుంటే బొమ్మ పని చేస్తున్నట్టే.

ఆపాల్సిన చోటు, మానాల్సిన రోజు

ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె దడ, మామూలుకన్నా ముదిరిన నీలం, ఆగాక కూడా తగ్గని ఆయాసం. వీటిలో ఏది వచ్చినా ఆ రోజుకి క్లాసు అయిపోయినట్టే, డాక్టరుకి ఫోన్ చేయాల్సిందే. టెట్రాలజీ ఆఫ్ ఫాలో (నాలుగు గుండె లోపాలు కలిసి ఉండే జబ్బు) ఇంకా పూర్తిగా సరిచేయని పిల్లాడు ఆట మధ్యలో గొంతుక్కూర్చుంటే బద్ధకమని లేపకండి. అలా కూర్చుంటే ఊపిరితిత్తుల్లోకి కాస్త ఎక్కువ రక్తం వెళుతుందని వాడి ఒంటికి తెలుసు. నీలం ముదురుతుంటే మోకాళ్లు ఛాతీకి ఆనించి పట్టుకుని అంబులెన్సుని పిలవండి. శ్రమ మధ్యలో స్పృహ తప్పడాన్ని "నిద్ర చాల్లేదేమో" అని కొట్టిపారేయకూడదు. లేచి నవ్వినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పిలిస్తే పలక్క, ఊపిరి మామూలుగా లేకపోతే అంబులెన్సుకి ఫోన్ చేస్తూనే సీపీఆర్ మొదలుపెట్టాలి, కాబట్టి ఇంట్లో ఇద్దరైనా ముందే అది నేర్చుకుని ఉండాలి.

జ్వరం ఉన్న రోజు క్లాసు లేదు, వైరస్ గుండె కండరాన్ని కూడా పట్టొచ్చు. వాంతులు, విరేచనాల రోజున కూడా లేదు. ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు వాడేవాళ్లకి, ఫాంటాన్ వాళ్లకి, ఒళ్లు నీలంగా ఉండే పిల్లలకి నీరు తగ్గడం మనకన్నా త్వరగా ముప్పు తెస్తుంది. రక్తం పలచబడే మందు వాడే పిల్లలకి గెంతులు తగ్గించండి, తలకి దెబ్బ తగిలితే బయటికి ఏమీ కనపడకపోయినా చూపించండి.

పెంచేటప్పుడు ఒకసారికి ఒకటే పెంచండి. ఈ వారం సంఖ్య, వచ్చే వారం మెట్టు ఎత్తు. 12 వారాలయ్యాక నడక పరీక్ష మళ్లీ చేయిస్తాం. ఎకో రిపోర్టులో రంధ్రం చిన్నదవుతుందని మాత్రం ఎదురుచూడకండి, వ్యాయామం చేసే పని అది కాదు. ఆపేస్తే వచ్చిన సత్తువ కూడా పోతుంది కాబట్టి, చివరి నెలలోనే పిల్లకి నచ్చిన ఆట ఒకటి వెతికి పెట్టుకోవాలి. బడిలో పీఈటీ మాస్టారికి కూడా ఒక చీటీ రాయండి. జబ్బు పేరు, ఏ ఆటలు వద్దో, ఎవరికి ఫోన్ చేయాలో రాసి కింద ఈ రెండు ముక్కలు చేర్చండి: అలసట వచ్చి కూర్చుంటే కారణం అడగొద్దు, లేచి వస్తే మళ్లీ ఆటలోకి తీసుకోండి.