పేరుకుపోయిన పాడ్‌కాస్టులు ఎన్నాళ్లలో పూర్తవుతాయి?

చిత్తూరు నుంచి తిరుపతికి రోజూ బస్సులో వెళ్లివచ్చే వారికి పాడ్‌కాస్టులు మంచి తోడు; అయితే వినకుండా మిగిలినవి పేరుకుపోయినప్పుడు ఎపిసోడ్ల సంఖ్యను చూసి బెంబేలెత్తడం కన్నా, వాటిని నిమిషాల్లోకి మార్చి చూసుకోవడం మేలు.

45 నిమిషాల ఎపిసోడ్లు 60 మిగిలాయనుకుంటే మొత్తం 2,700 నిమిషాలు, 1.5 రెట్ల వేగంతో వింటే అవి 1,800కు తగ్గుతాయి. రోజుకు 90 నిమిషాల చొప్పున ఆరు రోజులు వింటే వారానికి 540 నిమిషాలు దక్కుతాయి కనుక, మూడు వారాలు దాటగానే అన్నీ పూర్తవుతాయని తోస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. వారానికి నాలుగు కొత్త ఎపిసోడ్లు వచ్చి చేరుతుంటే, అదే వేగంతో విన్నా వాటికే 120 నిమిషాలు పోతాయి. పాతవాటికి మిగిలేది 420 నిమిషాలే కాబట్టి నాలుగు వారాలకు పైనే పడుతుంది.

పైగా ప్రయాణ సమయమంతా వినే సమయం కాదు. చంద్రగిరి దగ్గర జనం ఎక్కినప్పుడు ఇయర్‌ఫోన్ తీసి పక్కవారికి చోటివ్వడం, జారిపోయిన మాట కోసం మళ్లీ 30 సెకన్లు వెనక్కి జరపడం మామూలే. అందువల్ల ఒక వారం పాటు నిజంగా విన్న నిమిషాలను రాసుకొని, ఆ సగటునే లెక్కలోకి తీసుకోవాలి.

అన్నమయ్య కీర్తనల వంటివి వేగం పెంచి వినదగినవి కావు. వాటిని విడిగా, అసలు నిడివితోనే లెక్కించాలి.