వాణిజ్య వెబ్‌సైట్‌ను మానవ హక్కుల గీటురాయిపై పరీక్షించే ముందు జాగ్రత్తలు

ఒక వాణిజ్య వెబ్‌సైట్ మనుషుల హక్కులను ఎంతవరకు గౌరవిస్తోందో చూద్దామనుకునేవాళ్లలో చాలామంది నేరుగా పేజీ అడుగుకు వెళ్లి ప్రైవసీ పాలసీ, ‘మా విలువలు’ లాంటివి చదవడంతో మొదలుపెడతారు. దయచేసి అక్కడ మొదలుపెట్టకండి. అవి లాయర్లూ ప్రచార విభాగం వాళ్లూ కూర్చుని రాసిన పేజీలు. కంపెనీ తన గురించి ఏం చెప్పుకోదలచిందో అందులో ఉంటుంది, అంతే. అసలు సంగతి తేలేది కొనేటప్పుడు, మానేసేటప్పుడు, డబ్బు వెనక్కి అడిగేటప్పుడు, ఫిర్యాదు పెట్టినప్పుడు. అది కూడా చూపు లేని మనిషికి, చదువు అంతగా లేని మనిషికి, సరుకు మోసుకొచ్చే మనిషికి ఎలా ఉందో చూస్తేనే తేలుతుంది.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. పరిశీలన వల్ల కూడా మనుషులకు నష్టం జరుగుతుంది. ఎవరి గోప్యత కోసం పూనుకున్నామో వాళ్ల ఫోన్ నంబర్లే మన రిపోర్టులో బయటపడొచ్చు. నమ్మి మాట్లాడిన కార్మికుడి పని పోవచ్చు. అందుకే సైట్ తెరవక ముందే కింది విషయాలు చూసుకోండి.

కొలత ఏదో ముందు తేల్చుకోండి

ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరు 10న ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 30 అధికరణలు ఉన్నాయి. వెబ్‌సైట్‌తో నేరుగా ముడిపడేవి కొన్నే: వివక్ష లేని సమానత్వం (7), అన్యాయం జరిగితే పరిహారం (8), గోప్యత (12), భావ ప్రకటన (19), న్యాయమైన పని పరిస్థితులు (23). అయితే ఆ ప్రకటన ప్రధానంగా ప్రభుత్వాలను ఉద్దేశించినది. ‘ఈ కంపెనీ 12వ అధికరణను ఉల్లంఘించింది’ అని రాస్తే వాళ్ల లాయరు ఒక్క ఉత్తరంతో మీ రిపోర్టును పక్కన పెట్టించగలడు.

కంపెనీల కోసం వేరే కొలత ఉంది. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి జాన్ రగ్గీ రూపొందించగా ఆ సమితి మానవ హక్కుల మండలి 2011 జూన్‌లో ఆమోదించిన వ్యాపార, మానవ హక్కుల మార్గదర్శక సూత్రాలు అవి. మొత్తం 31. ప్రభుత్వం రక్షించాలి, కంపెనీ గౌరవించాలి, నష్టపోయినవారికి పరిహారం అందాలి అన్న మూడు స్తంభాల మీద అవి నిలిచాయి. కాబట్టి ‘హక్కులను గౌరవించే బాధ్యత ఇక్కడ నెరవేరలేదు’ అని రాయండి, ఎక్కడ ఎలా నెరవేరలేదో చూపండి.

ఆ సూత్రాల్లోనే పనికొచ్చే విభజన ఒకటి ఉంది. హాని కంపెనీ స్వయంగా చేసిందా, అందులో తనూ ఒక చేయి వేసిందా, లేక తన వ్యాపార సంబంధాల ద్వారా ముడిపడి ఉందా? ఎవరో అమ్మకందారు నకిలీ మందు పెట్టడం వేరు, ఫిర్యాదులు వచ్చినా సైట్ దాన్ని మొదటి వరసలోనే చూపిస్తూ ఉండటం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. ఏది ముందు చూడాలన్నదానికీ ఆ సూత్రాలే దారి చెబుతాయి: హాని ఎంత తీవ్రం, ఎంతమందికి, తిరిగి సరిచేయగలమా లేదా. ఫాంటు బాగాలేదన్నదీ, ఇంటి చిరునామా బయటపడటమూ ఒకే పట్టికలో సమానమైన వరసలుగా కూర్చోకూడదు.

మీ తెర అందరి తెర కాదు

మీ సొంత అకౌంట్‌తో పరీక్షించకండి. మీ పాత కొనుగోళ్లు, మీరు ఉన్న చోటు, ఫోన్ మోడల్ చూసి సైట్ తన ముఖం మార్చుకుంటుంది. ఒకే రోజు కొందరికి ఒక డిజైను, మరికొందరికి ఇంకో డిజైను చూపించి ఏది బాగా అమ్ముతుందో పరీక్షించడం కంపెనీలకు మామూలే. చట్టం గట్టిగా ఉన్న దేశంలో కనిపించే కుకీల (మీ కదలికలను గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్ల) అనుమతి బ్యానరు, లేని దేశంలో కనిపించకపోవచ్చు. అందుకని పరీక్షకు ప్రత్యేకంగా ఒక బ్రౌజర్ ప్రొఫైల్, ఒక ఈమెయిల్ పెట్టుకోండి. ప్రతి స్క్రీన్‌షాట్ పక్కన తేదీ, సమయం, దేశం, పరికరం, లాగిన్ అయి ఉన్నారా లేదా రాసుకోండి. అడ్రస్ బార్ తప్పకుండా కనిపించాలి. వెబ్ పేజీల పాత రూపాలను భద్రపరిచే వేబ్యాక్ మెషీన్‌లో పేజీ నకలు దాచడం మంచిదే గానీ, పేజీలో ఎవరి వ్యక్తిగత వివరాలైనా ఉంటే దాని జోలికి వెళ్లొద్దు. అది అందరికీ తెరిచి ఉన్న గిడ్డంగి.

సమ్మతి విషయంలో ఇది మరీ ముఖ్యం. ‘అంగీకరిస్తున్నాను’ నొక్కడానికి ఎన్ని క్లిక్కులు, ‘వద్దు’ అనడానికి ఎన్ని అన్నది లెక్కపెట్టండి. ఏదీ నొక్కకముందే బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్ తెరిచి నెట్‌వర్క్ భాగం చూడండి. మీరు అవునో కాదో చెప్పకుండానే ప్రకటనల సర్వర్లకు సమాచారం వెళ్తుంటే, ఆ బ్యానరు ఎంత అందంగా ఉన్నా ప్రయోజనం లేదు. ముందే టిక్ పెట్టి ఉంచిన పెట్టె సమ్మతి కాదని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2019 అక్టోబరు 1న ప్లానెట్49 కేసులో తేల్చిచెప్పింది. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న ఐరోపా సమాఖ్య డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం అంత తేలిక కావాలి. ఏ దేశం సైట్‌కైనా ఇది న్యాయమైన ప్రశ్నే అని నా అభిప్రాయం.

సబ్‌స్క్రిప్షన్ ఆపే దారిని కూడా చివరిదాకా నడిచి చూడండి. మనం అనుకోనిది మనచేత చేయించేలా మభ్యపెట్టే డిజైనుకు డార్క్ ప్యాటర్న్ అన్న పేరు 2010లో డిజైన్ నిపుణుడు హ్యారీ బ్రిగ్నల్ పెట్టింది. భారత ప్రభుత్వ మార్గదర్శకాలు 2023లో ఇలాంటి 13 రకాలను గుర్తించాయి. ప్రైమ్ సభ్యత్వంలో జనాన్ని చేర్చుకున్న తీరు, బయటికి వెళ్లే దారిని చిక్కుముడి చేసిన తీరుపై అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన దావాలో అమెజాన్ 2025లో 250 కోట్ల డాలర్లకు రాజీ పడింది. పరీక్ష కోసం సభ్యత్వం తీసుకునేటప్పుడు తక్కువ పరిమితి ఉన్న కార్డు వాడండి. రద్దు చేశాక మరుసటి నెల కూడా డబ్బు కోసుకోలేదని చూసుకున్నాకే ఆ భాగం రాయండి.

కళ్లు మూసుకుని మౌస్ పక్కన పెడితే సరిపోదు

అంగవైకల్యం ఉన్నవాళ్లకు సైట్ అందుతుందా అన్నది చూడటానికి డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలున్నాయి. 2.2 వెర్షన్ 2023 అక్టోబరులో వచ్చింది. మామూలు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కనీసం 4.5:1 తేడా ఉండాలనడం లాంటివి యంత్రంతో కొలవొచ్చు. కానీ ఫొటో పక్కన రాసిన వివరణకు అర్థం ఉందా, ‘ఇమేజ్ 47’ అని ఉందా అన్నది మనిషే చూడాలి. ట్యాబ్ కీ ఒక్కటే వాడుతూ వెతకడం నుంచి డబ్బు కట్టేదాకా వెళ్లండి. ఓటీపీ వేయడానికి ఇచ్చే సమయం, బొమ్మల్లో అక్షరాలో వస్తువులో గుర్తించమనే క్యాప్చా పరీక్ష... ఈ రెండు చోట్లే ఎందరో ఆగిపోతారు.

అయితే చూపున్న మనిషి కళ్లు మూసుకుని స్క్రీన్ రీడర్ (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడి తీర్పు చెప్పకూడదు. రోజూ దాన్ని వాడేవాళ్లను పిలవండి, వాళ్ల సమయానికి డబ్బు ఇవ్వండి, రిపోర్టులో పేరు ఉండాలా వద్దా అన్నది వాళ్లకే వదిలేయండి. సైట్ మీద అందుబాటు లోపాలను తనంతట తానే సరిచేస్తానని చెప్పే ఒక విడ్జెట్ (అదనపు పరికరం) తగిలించి ‘మాది అందరికీ అందుబాటు’ అంటే నమ్మేయకండి. అలాంటి విడ్జెట్ అమ్మే యాక్సెసిబీ సంస్థ తప్పుదోవ పట్టించే ప్రచారం చేసిందన్న ఆరోపణపై 10 లక్షల డాలర్లు చెల్లించాలని 2025లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆదేశించింది.

వివక్ష కనిపిస్తే తొందరపడకండి

రెండు ఫోన్లలో రెండు ధరలు కనపడగానే ‘వివక్ష’ అని రాసేయాలనిపిస్తుంది. ధర స్టాకును బట్టి, గంటను బట్టి కూడా మారుతుంది. ఒకే నిమిషంలో, ఒక్క విషయం మాత్రమే మార్చి, మళ్లీమళ్లీ చూడండి. నిజమైన వ్యక్తి గుర్తింపు కార్డుతో ప్రొఫైల్ మాత్రం తయారు చేయొద్దు. అలాగని అనుమానం వట్టిదనీ అనుకోకండి. ఇళ్ల ప్రకటనలు ఎవరికి చూపాలో నిర్ణయించే తీరులో వివక్ష ఉందంటూ 2019లో అమెరికా గృహ నిర్మాణ శాఖ ఫేస్‌బుక్‌పై అభియోగం మోపింది. ప్రకటన కనిపించనివాడికి తనకేం దక్కలేదో కూడా తెలియదు.

తెర వెనక పనిచేసేవాళ్లు

చాలా పరిశీలనలు పట్టించుకోనిది ఇదే, నన్ను ఎక్కువ బాధపెట్టేదీ ఇదే. డెలివరీ ఎలా ఉందో చూద్దామని ఉత్తుత్తి ఆర్డర్ పెట్టి రద్దు చేస్తే ఆ నష్టం కంపెనీకి తగలదు. వృథాగా తిరిగిన డెలివరీ మనిషికో, చిన్న అమ్మకందారుకో తగులుతుంది, వాళ్ల రేటింగు పడిపోతుంది. నిజంగా అవసరమైన వస్తువే ఆర్డరు పెట్టండి, తీసుకోండి. గుమ్మం దగ్గర నిలబెట్టి జీతం గురించి ప్రశ్నలు వేయకండి. ఆ నిమిషాలను యాప్ లెక్కపెడుతుంటుంది.

కార్మికులతో మాట్లాడాలంటే పని వేళల బయట, కంపెనీ యాప్‌లో కాకుండా వేరే దారిలో మాట్లాడండి. పేరు తీసేసినంత మాత్రాన సరిపోదు. ఊరు, వయసు, చేరిన నెల మూడూ కలిపితే మనిషి దొరికిపోతాడు. వాళ్లు చెప్పింది ప్రచురించే ముందు వాళ్లకే చదివి వినిపించి, వద్దన్న వాక్యం తీసేయండి.

వస్తువులు ఎక్కడ తయారవుతున్నాయన్నది కూడా సైట్ మీదే కొంత దొరుకుతుంది. బ్రిటన్ 2015 ఆధునిక బానిసత్వ చట్టం ప్రకారం ఏటా 3.6 కోట్ల పౌండ్లు, ఆపై టర్నోవరు ఉండి అక్కడ వ్యాపారం చేసే కంపెనీ తన వ్యాపారంలో, సరఫరాలో బానిస చాకిరీ లేకుండా ఏం చేస్తోందో చెబుతూ ప్రతి ఏడాదీ ఒక ప్రకటన ఇవ్వాలి, దాని లింకు హోమ్ పేజీలో స్పష్టంగా ఉంచాలి. అందులో తేదీ ఈ ఏడాదిదేనా, డైరెక్టరు సంతకం ఉందా, నిరుటి ప్రకటననే మళ్లీ అతికించారా చూడండి.

పిల్లలను అస్సలు కలపొద్దు. వయసు అడిగే పేజీ పనిచేస్తోందా అని తెలుసుకోవడానికి మీ ఇంటి పిల్లవాడి చేతికి ఫోను ఇవ్వకండి. తప్పుడు పుట్టిన తేదీతో మీరే చూడొచ్చు.

అనుకోకుండా లీకు కంటపడితే

సైట్ చిరునామాలోని ఆర్డర్ నంబరు మార్చితే పక్కవాళ్ల బిల్లు కనిపిస్తుందేమో అని ప్రయత్నించకండి. చాలా దేశాల్లో అది నేరం కావచ్చు. పైగా ఆ పక్కవాళ్ల గోప్యతను మీరే దాటినట్టు అవుతుంది. అనుకోకుండా కనిపిస్తే అక్కడే ఆగండి, డౌన్‌లోడ్ చేయొద్దు, ఇంకొకరిని చూడమని పిలవొద్దు. ఎలా కనిపించిందో రాసుకుని కంపెనీ భద్రతా విభాగానికి చెప్పండి. కొన్ని సైట్లు సెక్యూరిటీ.టీఎక్స్‌టీ (security.txt) అనే ఫైలులో ఆ చిరునామా ఇస్తాయి. సరిచేసేదాకా బయట మాట్లాడకండి. స్క్రీన్‌షాట్‌లో పేర్లు మసకబెడితే చాలదు, మసకను వెనక్కి తీయగల పద్ధతులున్నాయి. నల్లపెట్టెతో పూర్తిగా మూసేసి, ఆ బొమ్మను కొత్త ఫైలుగా దాచండి.

ఫిర్యాదు దారి, రిపోర్టు

మార్గదర్శక సూత్రాల్లో 31వది ఫిర్యాదు వ్యవస్థ ఎలా ఉండాలో చెబుతుంది: నమ్మదగినదై, అందుబాటులో ఉండి, ఎన్నాళ్లలో ఏం జరుగుతుందో ముందే తెలిసేలా, ఇరుపక్షాలకూ సమానంగా, పారదర్శకంగా ఉండాలి. ఒక నిజమైన చిన్న సమస్యతో దాన్ని పరీక్షించండి. చాట్‌బాట్ దాటి మనిషి దాకా చేరగలిగారా? షరతుల్లో ఎక్కడైనా కోర్టుకు వెళ్లే హక్కు వదులుకోమన్నారా? ఫిర్యాదు చేసినవాళ్ల అకౌంట్లు మూసేశారా? ఈ మూడింటి జవాబులు చాలా చెబుతాయి.

సైట్ మొత్తానికి కలిపి ఒకే మార్కు ఇవ్వకండి. కుకీల్లో వచ్చిన మంచి మార్కు కార్మికుల భాగంలోని లోటును కప్పేస్తుంది. ప్రచురించే ముందు మీరు చూసినవన్నీ కంపెనీకి పంపి, జవాబివ్వడానికి తగిన గడువు ఇవ్వండి. జవాబు వస్తే కత్తిరించకుండా పక్కనే పెట్టండి, రాకపోతే రాలేదని తేదీతో రాయండి. ఈలోగా వాళ్లు ఏదైనా సరిచేస్తే అదీ రాయండి. పరీక్షకు తెరిచిన అకౌంట్లను మూసి, మీ డేటా తుడిచేయమని సైట్‌ను అడగండి, ఎన్ని రోజులు పట్టిందో రిపోర్టులో చేర్చండి. కార్మికుల మాటల రికార్డింగులు ఏ తేదీన చెరిపేస్తారో వాళ్లకు ముందే చెప్పి, ఆ తేదీన చెరిపేయండి.