వింత చరిత్ర కథ కనిపిస్తే పదిమందికి చెప్పేముందు ఇలా సరిచూసుకోండి

అమెరికాలో పాకం వరద వచ్చి 21 మంది చనిపోయారని వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చిందనుకోండి. చదవగానే ఫార్వర్డ్ కొట్టాలనిపిస్తుంది, లేదా ఇదంతా ఎవరో పుట్టించిందని వదిలేయాలనిపిస్తుంది. రెండూ వద్దు, ఒక అరగంట కేటాయించండి, ఎందుకంటే ఇది నిజంగానే జరిగింది, పైగా మెసేజ్‌లో ఉన్నదానికంటే అసలు కథ చాలా పెద్దది.

ముందు తేదీ, ఊరు పట్టుకోండి. "ఒకప్పుడు ఒక రాజు" అని మొదలయ్యే మెసేజ్‌లో పట్టుకోవడానికి ఏమీ ఉండదు, దాన్ని పక్కన పెట్టేయొచ్చు. పాకం వరదకు మాత్రం రెండూ ఉన్నాయి: 1919 జనవరి 15, బోస్టన్ నగరం, నార్త్ ఎండ్ అనే పేట, కమర్షియల్ స్ట్రీట్.

తర్వాత ఆ రోజుల్లో రాసినవి వెతకండి. వందేళ్ల తర్వాత రాసిన వ్యాసం కంటే ఆ వారం పత్రిక మేలు. అమెరికా పాత పత్రికలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో, ఆస్ట్రేలియావి వాళ్ల జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఆస్ట్రేలియా సైన్యం ఈము పక్షులతో యుద్ధం చేసి ఓడిపోయిందనే కథ మీరు వినే ఉంటారు (మన దగ్గర కూడా ఒకప్పుడు ఫారాలు పెట్టి పెంచారే, ఆ ఈములే). ట్రోవ్‌లో 1932 నవంబరు పత్రికలు తీసి చూడండి. ఎవరూ యుద్ధం ప్రకటించలేదు, ఆ మాట తగిలించింది పత్రికలవాళ్లు. జరిగిందల్లా గోధుమ పొలాలను తొక్కేస్తున్న పక్షుల మీదకి మేజర్ మెరిడిత్ కొందరు సైనికులతో, రెండు లూయిస్ మెషిన్ గన్లతో, 10,000 తూటాలతో వెళ్లడం.

అంకెల దగ్గర తప్పకుండా ఆగండి. మెరిడిత్ ఇచ్చిన లెక్క ప్రకారం 9,860 తూటాలకు 986 పక్షులు చచ్చాయి. భాగించి చూడండి, పక్షికి సరిగ్గా పది తూటాలు! చెదిరి పరిగెత్తే గుంపు మీద కాలిస్తే లెక్క ఇంత ముచ్చటగా రాదు కదా. ఇలాంటప్పుడు అంకెను మీ మాటగా చెప్పకండి, "ఆయన అలా చెప్పాడు" అనండి, అంతే. 1518లో, ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న స్ట్రాస్‌బర్గ్ నగరంలో జనం రోజుల తరబడి ఆపకుండా నాట్యం చేసిన సంగతీ అంతే. నాట్యం గురించి అప్పటి నగర రికార్డుల్లో ఉంది గానీ, రోజుకు పదిహేను మంది చనిపోయారనే మాట వాటిలో కనిపించదు. ఆ ముక్క తీసేసి చెప్పినా కథ ఏమాత్రం తగ్గదు.

ఇక అన్నిటికంటే ముఖ్యం, "ఎందుకు" అని అడగడం. నా మట్టుకు నాకు వింత కంటే దాని వెనక ఉన్న కారణమే ఎక్కువ విలువైనది. బోస్టన్ కథ మా అమ్మాయికి చెబితే వెంటనే అడిగింది, "పాకం అంత చిక్కగా ఉంటుంది కదా నాన్నా, మనుషులు పరిగెత్తి తప్పించుకోలేరా?" అని. ఆ ప్రశ్న పట్టుకుని వెతికాను. అది మొలాసిస్, చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకం, మన చక్కెర ఫ్యాక్టరీల్లోనూ ఆ పేరే వాడతారు. దాన్నుంచి ఆల్కహాల్ తీస్తారు, మొదటి ప్రపంచ యుద్ధంలో పేలుడు మందుల తయారీకి ఆ ఆల్కహాల్‌కు బాగా గిరాకీ. అందుకే హడావుడిగా ట్యాంకు కట్టారు: 50 అడుగుల ఎత్తు, 90 అడుగుల వెడల్పు. ఆ రోజు అందులో ఉన్నది దాదాపు 87 లక్షల లీటర్లు, అదీ నీటికంటే బాగా బరువైన సరుకు. ట్యాంకు పగిలేసరికి అంత బరువు ఒక్కసారిగా కూలి, గంటకు 55 కిలోమీటర్ల వేగంతో వీధిలో పడిందని అంచనా. చలికి చిక్కబడింది ఆ తర్వాతే, దాంతో లోపల ఇరుక్కున్నవాళ్లను బయటికి లాగడం ఇంకా కష్టమైంది.

ట్యాంకు కట్టే పనిని దగ్గరుండి చూసుకున్న కంపెనీ మనిషికి ఇంజనీరింగ్ చదువు లేదు. నిండా నీళ్లు పోసి పరీక్షించకుండానే వాడకంలో పెట్టారు. రేకు ఉండాల్సిన మందం లేదు. మొదటినుంచీ అతుకుల దగ్గర కారుతుంటే కంపెనీ చేసిన పని ఏమిటో తెలుసా, కారేది కనిపించకుండా ట్యాంకుకు గోధుమ రంగు వేయించడం. కూలిన తర్వాత ఎవరో బాంబు పెట్టారని వాదించింది. ఏళ్ల తరబడి విచారణ నడిచి, 1925లో తప్పు కంపెనీదేనని తేలింది.

ఇంట్లో చెప్పేటప్పుడు వరదతో మొదలుపెట్టకండి. ట్యాంకు కారుతుంటే ఆ పేట జనం, పిల్లలు కూడా, డబ్బాలు పట్టుకొచ్చి ఆ పాకం ఇంటికి తీసుకెళ్లేవాళ్లు. అక్కణ్ణుంచి మొదలుపెట్టండి, తర్వాత రంగు వేయించిన సంగతి, ఆ తర్వాతే జనవరి 15 మధ్యాహ్నం. చనిపోయినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వు పుట్టేలా మాత్రం చెప్పకండి, వాళ్లలో పదేళ్ల పిల్లలు ఉన్నారు. చివర్లో ఫోన్‌లో మ్యాప్ తెరిచి బోస్టన్ రేవు పక్కన లాంగోన్ పార్కు చూపించండి. ట్యాంకు ఉన్న చోటు అదే, ఇప్పుడు పిల్లలు ఆడుకునే మైదానం, పక్కనే జరిగింది చెప్పే చిన్న ఫలకం ఒకటి.