ఇంటి షెడ్డులో బండి పని – నాలుగవ పాఠం: గాలితో నడిచే పనిముట్లు

గత పాఠంలో జాకీ, స్టాండ్లు, టార్కు రెంచి (బిగువును కొలుస్తూ బిగించే పానా) వాడే పద్ధతి నేర్చుకున్నాము. ఈ పాఠంతో గాలి పనిముట్ల సంగతి మొదలవుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకొని, కారునో మోటారు సైకిలునో ట్రాక్టరు ట్రాలీనో సొంతంగా బాగుచేసుకోవాలనుకునేవారు సాధారణంగా ముందుగా నట్లు విప్పే ఇంపాక్టు గన్ను కొంటారు. పంక్చరు షాపులో ఆ గన్ను బిగుసుకుపోయిన నట్టును రెండు క్షణాలలో ఊడదీయడం చూసినవారికి అది కొనాలనిపించడం సహజమే. అయినా కొనుగోలు గన్నుతో మొదలుపెట్టకూడదు, గాలితో మొదలుపెట్టాలి. పనిముట్టు నిమిషానికి ఎంత గాలి తాగుతుంది, గాలిని నొక్కి ట్యాంకులో నింపే కంప్రెషరు నిమిషానికి ఎంత గాలి ఇస్తుంది అన్న రెండు లెక్కలూ కుదిరిన తరువాతనే డబ్బు బయటికి తీయాలి.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. పంక్చరైనప్పుడు చక్రం విప్పడం ఒక్కటే అవసరమైతే కంప్రెషరు జోలికి పోనక్కరలేదు; మంచి వీల్ పానా గాని, బ్యాటరీతో నడిచే ఇంపాక్టు గన్ను గాని చాలు. టైర్లలో గాలి నింపడం, ఎయిర్ ఫిల్టరును ఊదడం, నట్లు విప్పడం, అప్పుడప్పుడు రంగు కొట్టడం వంటి పనులన్నీ ఒకే యంత్రంతో జరగాలనుకునేవారికే గాలి పనిముట్లు గిట్టుబాటు అవుతాయి.

గాలి లెక్క

కంప్రెషరును రెండు అంకెలతో కొలుస్తారు. మొదటిది ఒత్తిడి. దీనిని బార్‌లలో గాని పీఎస్‌ఐలో (చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్లు) గాని చెబుతారు. ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్‌ఐ. రెండవది గాలి పరిమాణం. నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అన్నదే సీఎఫ్‌ఎం. ఒక ఘనపుటడుగుకు 28.3 లీటర్లు. గ్యారేజీ పనిముట్లలో ఎక్కువ భాగం 90 పీఎస్‌ఐ, అంటే 6.2 బార్ దగ్గర నడిచేటట్లు తయారవుతాయి. ఆ ఒత్తిడిని చిన్న కంప్రెషరు కూడా అందుకుంటుంది కనుక కొనేవారు చూడవలసింది పరిమాణాన్నే.

దుకాణంలో మాత్రం హార్స్‌పవరు, ట్యాంకు లీటర్లు ముందు చెబుతారు. సీఎఫ్‌ఎం ఎంత అని గట్టిగా అడిగితే తరచుగా వచ్చే జవాబు పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంటు. అది పిస్టను కదలికను బట్టి కాగితం మీద వేసిన లెక్క మాత్రమే. వేడి, వాల్వుల దగ్గర నష్టం పోను పైపులోకి చేరే గాలి చిన్న కంప్రెషర్లలో దానిలో సుమారు మూడింట రెండు వంతులు ఉంటుంది. ఈ అసలు అంకెను ఫ్రీ ఎయిర్ డెలివరీ అంటారు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా మిర్యాలగూడలో కొన్నా బిల్లు వేయించే ముందు అడగవలసినది ఇదే.

ట్యాంకు పెద్దదైతే గాలి ఎక్కువ వస్తుందన్న అభిప్రాయం కూడా సరికాదు. ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఎంత పెద్దదైనా బోరు మోటారు పోసినన్ని నీళ్లే కదా రోజంతా వాడుకోగలిగేది. ఇక్కడ కంప్రెషరు పంపుకూ ట్యాంకుకూ ఉన్న సంబంధం కూడా అంతే. ట్యాంకు కొద్దిసేపు ఆదుకుంటుంది గాని గాలిని పుట్టించదు.

ఈ విషయాన్ని 50 లీటర్ల ట్యాంకు, రెండు హార్స్‌పవర్ల మోటారు ఉన్న కంప్రెషరుతో లెక్క వేసి చూద్దాము. మోటారు 8 బార్ దగ్గర ఆగి, ఒత్తిడి 6 బార్‌కు దిగినప్పుడు తిరిగి మొదలవుతుందని అనుకుందాము. ఈ రెండు బార్‌ల మధ్య ట్యాంకు నుంచి దొరికే మామూలు గాలి 50 రెట్లు 2, అంటే 100 లీటర్లు. అర అంగుళం ఇంపాక్టు గన్నుకు డబ్బా మీద 4 లేదా 5 సీఎఫ్‌ఎం అని రాసి ఉంటుంది. అయితే అది ఆగి ఆగి వాడినప్పటి సగటు. ట్రిగ్గరు పూర్తిగా నొక్కి పట్టుకుంటే అది 20 సీఎఫ్‌ఎం దాకా, అంటే సెకనుకు తొమ్మిది లీటర్లకు పైగా తాగుతుంది. ఆ లెక్కన మన 100 లీటర్లు సుమారు పది సెకన్లే వస్తాయి, అప్పటికి మోటారు ఇంకా మొదలై కూడా ఉండదు. తుప్పు పట్టని నట్టుకు రెండు మూడు సెకన్లు చాలు కనుక నాలుగు నట్లున్న ఒక చక్రం విప్పడానికి ఈ గాలి సరిపోతుంది. కంప్రెషరు నిమిషానికి 120 లీటర్లు ఇస్తే ఖాళీ అయిన 100 లీటర్లూ 50 సెకన్లలో తిరిగి నిండుతాయి. జాకీని రెండవ చక్రం దగ్గరకు జరిపేలోగా ట్యాంకు సిద్ధంగా ఉంటుంది.

అదే కంప్రెషరుకు సాండర్, అంటే రంగూ తుప్పూ రుద్దే పనిముట్టు తగిలించి చూడండి. అది ఆపకుండా నడిచే పనిముట్టు. నిమిషానికి 8 నుంచి 10 సీఎఫ్‌ఎం, అంటే 230 నుంచి 280 లీటర్లు అడుగుతుంది. ఇచ్చేది 120 లీటర్లే కనుక అరనిమిషంలోనే సాండర్ నీరసపడుతుంది, కంప్రెషరు తల మాత్రం ఆగకుండా కాలుతూ ఉంటుంది. చిన్న చిన్న చోట్ల అరగదీసే డై గ్రైండరుదీ ఇదే కథ. కాబట్టి ఇంటి షెడ్డుకు ఆగి ఆగి వాడే ఇంపాక్టు గన్ను, రాచెట్ (ఇరుకు చోట నట్లు తిప్పే పానా), బ్లో గన్ (గాలి ఊదే గన్ను), టైర్ ఇన్‌ఫ్లేటర్ (టైరులో గాలి నింపేది) చాలునని, రుద్దే పనికీ కోసే పనికీ కరెంటుతో నడిచే గ్రైండరే మేలని ఈ పాఠం అభిప్రాయం.

కరెంటు, పైపు, చోటు

రెండు హార్స్‌పవర్ల సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు తొమ్మిది పది ఆంపియర్లు తీసుకుంటుంది, మొదలయ్యే క్షణంలో అంతకు కొన్ని రెట్లు తీసుకుంటుంది. అందుచేత దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఎర్తింగు తప్పనిసరి. సన్నని ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడిపినా, లోవోల్టేజీ వేళ నడిపినా మోటారు మూలుగుతూ తిరగలేక వైండింగు కాలిపోతుంది. అలా మూలిగితే వెంటనే స్విచ్చి ఆపాలి. బండి దూరంగా ఉంటే వైరును పొడిగించకుండా గాలి పైపును పొడిగించడం మంచిది.

ఆ పైపు లోపలి వెడల్పు పది మిల్లీమీటర్లు ఉండాలి. స్ప్రింగులా చుట్టుకునే సన్నని నీలిరంగు పైపు టైరులో గాలి నింపడానికి పనికొస్తుంది గాని ఇంపాక్టు గన్నుకు చాలదు. గేజీ మీద 6 బార్ చూపుతున్నా గన్ను దగ్గరకు వచ్చేసరికి ఒత్తిడి పడిపోతుంది. అందుకే ఒత్తిడిని సరిచేసే రెగ్యులేటరును గన్ను నడుస్తుండగా చూసి సరిచేయాలి, ఊరకనే ఉన్నప్పుడు కాదు. షెడ్డు గోడ వెంట శాశ్వతంగా లైను వేసేటప్పుడు బోరు పనిలో మిగిలిన పీవీసీ పైపులు వాడే అలవాటు ఒకటి ఉన్నది. అది ప్రమాదకరం. నీళ్ల ఒత్తిడికి పగిలిన పీవీసీ పైపు కారుతుంది, గాలి ఒత్తిడికి పగిలినది ముక్కలై ఎగిరి వస్తుంది. జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు గాని రబ్బరు పైపు గాని వాడాలి.

కంప్రెషరును నీడలో, గోడకు కనీసం ఒక అడుగు దూరంలో ఉంచాలి. మే నెలలో రేకుల కింద వేడి చాలా ఎక్కువ కనుక పది నిమిషాలు నడిపితే పది నిమిషాలు ఆపడం మంచిది. ఎర్రమట్టి దుమ్ము గాలి పీల్చే ఫిల్టరును త్వరగా మూసివేస్తుంది; కంపెనీ పుస్తకంలో ఇచ్చిన గడువు వరకు ఆగకుండా దానిని నెలకొకసారి విప్పి చూడాలి. వానాకాలంలో నీటి బెడద ఎక్కువ. గాలిలోని తేమ ట్యాంకులో చల్లబడి అడుగున చేరుతుంది. పని ముగియగానే ఒత్తిడిని రెండు బార్‌లకు దించి, అడుగున ఉన్న డ్రెయిన్ మరను మెల్లగా వదులు చేస్తే మొదట తుప్పు రంగు నీళ్లు, తరువాత తెల్లని తుంపర, చివరికి పొడి గాలి వస్తాయి. పొడి గాలి వచ్చేదాకా వదలాలి. ఈ పని మానేస్తే ట్యాంకు రేకు లోపలి నుంచి పలచబడుతుంది, అది బయటికి కనిపించదు.

చక్రం విప్పడం, బిగించడం

ముందుగా గన్ను వెనుక గాలి దూరే రంధ్రంలో మూడు నాలుగు చుక్కలు ఎయిర్ టూల్ ఆయిల్ వేసి, కొద్దిసేపు ఖాళీగా తిప్పాలి. ఇంజిను ఆయిల్ చిక్కనిది కనుక గన్ను లోపల తిరిగే సన్నని రేకులు అతుక్కుపోతాయి, అది వాడకూడదు. సాకెట్ నల్లనిదే, అంటే ఇంపాక్టు సాకెట్టే అయి ఉండాలి. తళతళలాడే మామూలు సాకెట్లు చేతి పానాల కోసం చేసినవి. సుత్తి దెబ్బల వంటి అదురుకు అవి పగిలి ముఖం మీదికి రావచ్చు. కొలత కచ్చితంగా సరిపోవాలి: మారుతి చిన్న కార్లలో చాలావరకు 19, హ్యుందాయ్ కార్లలో 21 మిల్లీమీటర్ల నట్లు ఉంటాయి. కంటికి అద్దాలు, చెవులకు రక్షణ లేకుండా ట్రిగ్గరు నొక్కకూడదు.

బండి నేల మీద ఉండగానే నట్లను కొద్దిగా వదులు చేసి, ఆ తరువాత జాకీ ఎత్తి స్టాండు పెట్టాలి. గన్నును నట్టుకు నిటారుగా ఆనించి ఐదు సెకన్లు కొట్టినా కదలకపోతే ఇంకా కొడుతూ ఉండకూడదు. తుప్పు వదిలించే నూనె పోసి పదిహేను నిమిషాలు ఆగాలి, ఒకసారి బిగించే వైపు తట్టి, తిరిగి విప్పే వైపు తిప్పాలి. ట్రాక్టరు వెనుక చక్రాల నట్లకు ఈ గన్ను చాలకపోవచ్చు. వాటికి పొడవైన రాడ్డే నమ్మకం.

బిగించేటప్పుడు గన్నును పక్కన పెట్టాలి. ప్రతి నట్టునూ మొదట చేతితో మూడు నాలుగు చుట్లు తిప్పి మర సరిగా పట్టిందని చూసుకొని, ఎదురెదురు నట్ల వరుసలో చేతి పానాతో ఆనించి, చక్రం నేలకు దించిన తరువాత టార్కు రెంచితో ముగించాలి. చిన్న కార్లకు ఈ బిగువు సుమారు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి పుస్తకంలోని అంకెనే పాటించాలి. గన్నుతో బిగిస్తే స్టడ్డు (నట్టు ఎక్కే మర కడ్డీ) సాగిపోతుంది, లేదా మర తెగుతుంది, రోడ్డు పక్కన స్టెప్నీ మార్చవలసి వచ్చినప్పుడు ఇంట్లోవారి చేత ఆ నట్టు ఊడదు. స్పార్కు ప్లగ్గు, ఆయిల్ డ్రెయిన్ బోల్టు, అల్యూమినియం భాగాలలోని ఏ మరనూ ఇంపాక్టు గన్నుతో బిగించకూడదు.

బ్లో గన్ విషయంలో రెండే జాగ్రత్తలు. ఒంటి మీది, బట్టల మీది దుమ్మును దానితో దులుపుకోకూడదు, ఒత్తిడి గాలి చర్మంలోకి చొచ్చుకుపోగలదు. బ్రేకు డ్రమ్మును ఊదకూడదు. పాత బ్రేకు షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక తడిగుడ్డతో తుడవాలి.

అభ్యాసం

మీ కంప్రెషరు అసలు గాలిని మీరే కొలవండి. బయటికి పోయే వాల్వు మూసి, గేజీ 4 బార్ చూపినప్పటి నుంచి 8 బార్ చూపేదాకా ఎంతసేపు పట్టిందో ఫోను గడియారంతో లెక్కపెట్టండి. పెరిగిన బార్‌లను ట్యాంకు లీటర్లతో గుణించి, పట్టిన నిమిషాలతో భాగించాలి. 50 లీటర్ల ట్యాంకుకు 100 సెకన్లు పట్టితే 200 లీటర్లను 1.67 నిమిషాలతో భాగించగా 120 లీటర్లు, అంటే సుమారు 4.2 సీఎఫ్‌ఎం వస్తుంది. ఆ అంకెను ట్యాంకు మీద పెయింటుతో రాసి ఉంచండి. వచ్చే పాఠంలో స్ప్రే గన్ను ఎంపికను ఆ అంకెతోనే మొదలుపెడతాము.